మూల తిరగని లేసు

2004 వేసవిలో ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. భద్రాచలం వెళ్లి వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. అదేమిటో తెలిస్తే కదా అడ్డు చెప్పడానికి! దుమ్ముగూడెం నుంచి బస్సులో పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ప్రయాణం. సీటు దొరికితే నోటుబుక్కు తీసి ట్యాగులు బట్టీ పట్టేవాణ్ణి.

ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఇద్దరం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత నోట్‌ప్యాడ్‌లో కొట్టేవాళ్లం. ఫోను లైను మీద నెట్ వచ్చేది, అదీ సార్ కలిపితేనే. కలిపినప్పుడల్లా నచ్చిన పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి వ్యూ సోర్స్ చూసేవాణ్ణి. పైకి అంత సొగసుగా కనబడే పేజీలు లోపల చూస్తే అన్నీ టేబుళ్లే, టేబుల్లో మళ్లీ టేబుల్. పేజీకి రూపం దిద్దే సీఎస్‌ఎస్ 1996లోనే వచ్చింది గానీ మా సిలబస్ దాకా రాలేదు.

ప్రాజెక్టుకు మా ఊరినే తీసుకున్నాను. దగ్గర్లోని పర్ణశాల, తెల్లదొరల కాలం నాటి ఆనకట్ట, లేసు. తెలుగులో పేరు పెడదామంటే అక్షరాల బదులు డబ్బాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మా విండోస్ 98కి ఆ కబురు అందలేదు. దినపత్రికల సైట్లేమో ఎవరి ఫాంటు వాళ్లది దించుకోమనేవి. చివరికి పెయింట్‌లో మౌస్‌తో ‘దుమ్ముగూడెం’ అని గీసి బొమ్మగా పెట్టాను. ఆ మకారం ఒత్తు చూస్తే గోదారి వరదలో కొట్టుకొచ్చిన కొమ్మలా ఉండేది.

మిషనరీల కాలం నుంచీ మా ఊరి లేసుకు పేరుంది. అమ్మమ్మ ట్రంకుపెట్టెలోని టేబుల్‌క్లాత్ అడిగి పట్టుకెళ్లి, ఫొటో స్టూడియోలో స్కాన్ చేయించాను. తెల్ల దారం కనబడాలని వెనక గొడుగు గుడ్డ పరిచాం. అందులో ఒక ముక్క కోసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెడితే బ్రౌజరే పేజీ అంతా పరుస్తుంది. ఎక్కడ కోసినా అతుకు దగ్గర సగం పువ్వు తేలుతోంది. అమ్మమ్మ గుడ్డ మీద రెండు చోట్ల వేలు పెట్టి, “ఈడ మొదలైంది ఈడ మళ్లీ వస్తది, ఇంతే కొయ్యి” అంది. సరిగ్గా అంతే కోశాను. అతుకు మాయమైంది.

ఆమెకు చూపిద్దామని ప్రింటు తీస్తే లేసే రాలేదు. అప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల్ని తనంతట తాను ప్రింటు చేసేది కాదు, ఆప్షన్స్‌లోకి వెళ్లి టిక్కు పెట్టాల్సి వచ్చేది. పెట్టి తెచ్చాను. అద్దాలు సర్దుకుని చూసింది.

“ఏందిరా, మూలల కాడ తెగిపోయింది? అంచన్నాక మూల తిరగద్దూ?”

నిజమే, పరిచిన బొమ్మకు మూల తిరగడం రాదు. మర్నాడు బ్యాక్‌గ్రౌండ్ తీసేసి తొమ్మిది గళ్ల టేబుల్ వేశాను. నడిమి గడిలో రాత, నాలుగు పక్కలా అంచు. గుడ్డ మూలను విడిగా కోసి, పెయింట్‌లో తిప్పుకుంటూ నాలుగు మూలలకూ పెట్టాను. సెల్‌స్పేసింగ్, సెల్‌ప్యాడింగ్, బోర్డర్ అన్నీ సున్నా. అయినా మూల బొమ్మ కింద వెంట్రుకంత ఖాళీ. సార్‌కీ అంతుపట్టలేదు. చూడగా చూడగా తేలింది: నోట్‌ప్యాడ్‌లో బొమ్మ ట్యాగు తర్వాత ఎంటర్ కొట్టి, గడి మూసే ట్యాగు కింది లైనులో రాస్తే, ఎక్స్‌ప్లోరర్ ఆ ఎంటర్‌ను కూడా జాగాగా లెక్కేస్తోంది. రెండూ ఒకే లైనులోకి తెచ్చాక అంచు కలిసిపోయింది.

రెండో ప్రింటులో అమ్మమ్మ నాలుగు మూలలూ వేలితో తడిమి చూసుకుంది. “ఇప్పుడు కుదిరింది. మరి పర్ణశాల ఫొటో ఇంత చిన్నగా పెట్టావేందిరా?”

ప్రాజెక్టు పెట్టే ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే అని ఆమెకు ఎలా చెప్పను!