అమ్మాయి సైకిలు

మా చిన్నతనంలో సైకిలు తొక్కడం ఎవరూ పనిగట్టుకుని నేర్పేవారు కారు. అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్ళు రెండూ దోక్కుపోయేసరికి అదే వచ్చేది. ఆ విద్య తెనాలి వీధులకు సరిపోయింది. హైదరాబాదులో హైటెక్ సిటీ రోడ్డుకు అది చాలదు.

మా ఇల్లు కొండాపూర్‌లో. అమ్మాయి ఉద్యోగం మాదాపూర్‌లో. ఉన్నది నాలుగు కిలోమీటర్లే అయినా సాయంకాలం కారులో ముప్పావుగంట పడుతుంది. సైకిలు కొనుక్కుంటానని ఒకనాడు ప్రకటించింది.

"ఆ రోడ్డుమీదే?" అన్నది మా ఆవిడ వంటింట్లోంచి.

ఆవిడ భయం నిష్కారణమైంది కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరవాత అక్కడ రోడ్లు వెడల్పయ్యాయి, వాటిపైన ఫ్లైఓవర్లు లేచాయి. అవన్నీ కార్లను చూసుకుని వేసినవే. కాని సంపాదించుకుంటున్న పిల్లను వద్దని ఎన్నాళ్ళు ఆపగలం? అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. నెలరోజులపాటు నేను మరో సైకిలు మీద తోడు వెళ్ళాలి. ఆ తరవాత తీర్పు వాళ్ళమ్మది.

మొదటివారం మా కాలనీ సందులు దాటలేదు. పెడలు పూర్తిగా కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేటట్టు సీటు సర్దాం. హెల్మెట్ కనుబొమలకు రెండువేళ్ళ పైన నిలవాలి, నెత్తి వెనక్కి జారకూడదు. గుమ్మం దాటేముందు గాలి, బ్రేకులు, చెయిను చూసుకోవాలి. చున్నీ సంచిలో పెట్టాలి. చెవుల్లో పాటలు పనికిరావు. అమ్మాయి ముందు తొక్కుతూంటే నేను వెనకనుంచి వేళ్ళు చూపేవాణ్ణి. సైకిలు వంకర పోకుండా తల తిప్పి, ఎన్ని వేళ్ళో చెప్పాలి. ఆట లాగే ఉంటుంది కాని, దారి మారేముందు వెనక్కి చూసే అలవాటు దీనివల్లనే వస్తుంది.

రెండోవారం తెల్లవారుజామున సైకిళ్ళు ట్రాలీ ఆటోలో వేసుకుని ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిలుదారికి వెళ్ళాం. 2023 అక్టోబరు 1న దాన్ని ప్రారంభించారు. అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఇంకొకటి. పైకప్పంతా సౌరఫలకాలే. కింద నీడ, పైన కరెంటు! గేర్లు మార్చడం, చేయి చాపి సైగ చెయ్యడం అమ్మాయికి అక్కడే పట్టుబడ్డాయి.

"ఆఫీసు కూడా ఈ దారిలోనే ఉంటే ఎంత బాగుండేది నాన్నా!" అన్నది.

లేదు గనకనే మూడోవారం ఆదివారం ఉదయం ఆరింటికి అసలు దారి పట్టాం. కొత్తవాళ్ళు భయంతో రోడ్డు అంచునే పాకుతారు. అక్కడ ఇసుక, మురుగుకాలవ కంతలు, ఆగివున్న కార్ల తలుపులు పొంచివుంటాయి. అంచుకు ఒక మీటరు లోపలగా, తిన్నగా పోవడమే క్షేమం. వెనకవాడికి మనం కనిపిస్తాం, ఎటు పోతామో తెలుస్తుంది. ఫ్లైఓవరు ఎక్కకుండా కింది రోడ్డే పట్టుకోవాలి. పెద్ద కూడలిలో ధైర్యం చాలకపోతే దిగి నడిపించుకుపోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బస్సుకు ఎడమపక్కన దూరకూడదు. అది ఎడమకు తిరిగేటప్పుడు డ్రైవరుకు ఆ పక్క మనిషి ఆనడు.

నాలుగోవారం పనిరోజుల్లో వెళ్ళాం. ఆమె ముందు, నేను వెనక. ఒక ఉదయం స్టాపులోంచి కదిలిన బస్సు మలుపు దగ్గర నెమ్మదించింది. ఎడమపక్క సైకిలు పట్టేంత సందు ఉంది. అమ్మాయి బ్రేకు వేసి బస్సు వెనకే ఆగిపోయింది. నా పక్కనుంచి ఒక మోటారుసైకిలు కుర్రాడు ఆ సందులోకి దూసుకుపోయాడు. అంతలో బస్సు తిరిగింది. వాడు బండి పేవ్‌మెంటు మీదికి ఎక్కించి ఎలాగో బయటపడ్డాడు. నా కాళ్ళు వణికాయి. అమ్మాయి మాత్రం బస్సు పోయేదాకా నిలబడి, వెనక్కి ఒకసారి చూసి, చేయి చాపి కదిలింది. ఇక నేను వెంట వెళ్ళనక్కరలేదని ఆ క్షణాన తెలిసింది. సంతోషం ఎంతో, దిగులూ అంతే.

జరిగింది జరిగినట్టు ఇంట్లో చెప్పాను. మా ఆవిడ సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రాత్రి సైకిలు వెనక ఎర్రదీపం తీసి ఛార్జింగుకు పెట్టింది. అప్పటినుంచి ఆ పని ఆవిడదే. వాన పడిన రోజున మాత్రం అమ్మాయి సైకిలును ఆఫీసులో వదిలి ఆటోలో వస్తుంది. తడిసిన తెల్లగీతలు జారుడుబల్లతో సమానం.

నేర్పవలసింది నేర్పాం. మిగతాది రోడ్డుమీద పోయే నలుగురి చేతిలో ఉంది. అయ్యా, అమ్మా! మీ కారు ముందు ఒక సైకిలు వెడుతూంటే హారను మోగించి బెదరగొట్టకండి. నిదానించి, బారెడు ఎడం ఇచ్చి దాటండి. ఆ ఎర్రదీపం కూడా ఏ తల్లో ఛార్జింగు పెట్టి పంపిందే అయివుంటుంది.