జుట్టు చెరిపిన చెయ్యి

2016 సెప్టెంబర్ 15 రాత్రి. అమెరికాలో ‘టునైట్ షో’ నడిపే కమెడియన్ జిమ్మీ ఫాలన్, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న డొనాల్డ్ ట్రంప్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మీ జుట్టు చెరపొచ్చా అని అడిగాడు. ట్రంప్ తల వంచాడు. ఫాలన్ ఆ జుట్టంతా చింపిరి చేశాడు. జనం పడీపడీ నవ్వారు.

ఆ తల ఎవరిదో కూడా చెప్పుకోవాలి కదా మిత్రులారా. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక యువతిపై అత్యాచారం జరిగితే ఐదుగురు నల్లజాతి, లాటినో పిల్లల్ని పట్టుకున్నారు. విచారణ మొదలుకాకముందే ట్రంప్ నాలుగు పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటనలిచ్చాడు, మరణశిక్ష మళ్లీ తెమ్మని. 2002లో అసలు నేరస్థుడు ఒప్పుకున్నాడు, డీఎన్ఏ కలిసింది, ఐదుగురి శిక్షలూ కొట్టేశారు. అయినా జుట్టు చెరిపించుకున్న కొద్ది వారాలకే, అక్టోబర్‌లో, ట్రంప్ మళ్లీ వాళ్లే దోషులన్నాడు. నవంబర్‌లో గెలిచాడు. ఫాలన్ ఒక్కడే గెలిపించాడని నేననను. 2018లో తనే బాధపడ్డాడు.

కమెడియన్ జర్నలిస్టు కాదు కదా అంటారు. కాదు. కానీ కుర్చీ వేసింది అతనే. మా వాడలో దొర నడకని, దగ్గుని అనుకరించి నవ్వుకునేవాళ్లు. అది దొర వెనకాల నవ్వు. దొర ముందు దొర కోసం నవ్వించడం వేరే పని.

ఆ పని నేనూ చేశాను. ఇంటర్ రెండో ఏడు, ఎస్సీ హాస్టల్. ఎలక్షన్లప్పుడు ఒక అభ్యర్థి వచ్చాడు. నాకు మిమిక్రీ వచ్చని వార్డెన్ ముందుకు తోశాడు. ఆయన గొంతే చేశాను. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. “ఏం తమ్మీ, నన్నే దించినవ్!” అని భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. పిల్లలంతా చప్పట్లు.

అంతకు ముందు రాత్రి మేమంతా కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. తలుపుల్లేని బాత్రూములు, ఆర్నెల్లుగా రాని కాస్మెటిక్ చార్జీలు, నీళ్ల చారు. అది నా రూమ్మేట్ జేబులో ఉంది. అంత నవ్వు తర్వాత వాడు లేచి అడిగితే వాడే చెడ్డోడు. వాడు లేవలేదు. కారు వెళ్లిపోయింది.

మీలో చాలామందికి ఇప్పుడు యూట్యూబ్ చానళ్లున్నాయి. ఎలక్షన్లొస్తే మీ మైకు ముందుకీ వస్తారు, తల వంచుతారు. నవ్వించండి, కాదనను. జేబులో కాగితం మాత్రం ముందు తీయండి.

మా వాడు రాత్రి అన్నం దగ్గర, “మస్తు చేసినవ్ అన్నా” అన్నాడు, నిజంగానే. ఆదివారం చొక్కా ఉతికితే కాగితం ముద్దయి బయటికొచ్చింది.