ముందు చక్రాల సంగతి

మారేడుమిల్లి దాటి గుడిసె కొండెక్కాలంటే ఫోర్‌వీల్ బండి కావాలి. మాకుంది కదా అనుకున్నాను. నాన్నది 1991 మోడల్ మహీంద్రా ఎం.ఎం. 540 జీపు. "దీనికి ఎక్కలేని కొండ లేదురా" అని ఆయన అంటుంటే వింటూ పెరిగాను.

విజయవాడ ఆటోనగర్‌లో పనికిచ్చాం. బ్రేకు సిలిండర్లు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పైపులు ఒక్క పూటలో మారిపోయాయి. తిప్పలంతా ముందు హబ్‌ల దగ్గరే. మా జీపులో లివర్ వేస్తే చాలదు, కిందికి దిగి ముందు చక్రాల హబ్‌లను చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి. గ్రీజు గడ్డకట్టి అవి బిగుసుకుపోయాయి. మెకానిక్ బాబాయ్ విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టాడు. జాకీల మీద లేపి లివర్ వేస్తే వెనక చక్రాలు తిరిగాయి. ముందువి కదల్లేదు. ఆయన కిందికి దూరి, నవ్వుతూ బయటికొచ్చాడు.

"ముందు ప్రొపెల్లర్ షాఫ్టే లేదు బాబూ! ఎవరో పీకేశారు."

నాన్నకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు.

"మైలేజీ వస్తుందంటే తీయించాన్రా. నువ్వు హాస్టల్లో చేరిన యేడు."

అంటే, సెలవులకొచ్చినప్పుడల్లా నేను విన్న కొండల కథలన్నీ రెండు చక్రాల బండివే! కోపం రావాలి. ఆ యేడు డీజిల్ డబ్బులు కూడా లెక్క చూసుకున్నాడన్నమాట అనిపించింది.

పాత సామాన్ల కొట్లో షాఫ్టు దొరికింది. బయల్దేరే రోజు మిత్రుడొకడు, "ఫోర్‌వీల్ నిజంగా పనిచేస్తుందా అంకుల్?" అనడిగాడు. నాన్న నావైపు చూశాడు.

"దీనికి ఎక్కలేని కొండ లేదు," అన్నాను.