అడిగి ఉంటే చెప్పేవాళ్ళు

సోషల్ వర్క్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టినప్పుడు తేదీ, వేళ, చోటు అన్నీ కాలేజీలో కూర్చునే ఖాయం చేశాను. పొద్దున పదింటికి, ఫంక్షన్ హాల్లో. కోచింగ్ పిల్లల హాస్టళ్ళలో వండేవాళ్ళు, కొత్తపేట, సరూర్‌నగర్ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు వస్తారనుకున్నాం. దాదాపు ఎవరూ రాలేదు. కారణం ‘అవగాహన లేకపోవడం’ అని నివేదికలో రాశాను. అది తప్పు, అన్యాయం కూడా.

తర్వాత ఒక హాస్టల్ వంటగదికి వెళ్ళాను. బెండకాయలు తరుగుతున్న వంటమ్మ కత్తి ఆపకుండానే చెప్పింది: “పదింటికి వంట మీదుంటం మేడం. రెండున్నరకు గిన్నెలైతయి, నాలుగింటికి మళ్ళ చాయ్ పెట్టాలె. ఆ నడుమ పిలిస్తే రాకపోదుమా? మైకుల పేర్లు పిలుస్తరంట. గసుంటి పరీక్షకు అట్ల పిలిస్తే ఎవరొస్తరు?”

మైకు పెట్టించింది నేనే.

నిజానికి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఉమ్మడి రాష్ట్రంలోనే మేడ్చల్ మండలంలో షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి ఈ పరీక్షలపై అధ్యయనం చేశారు. స్త్రీలు తమ నమూనా తామే తీసి ఇస్తే పనికొస్తుందా అన్నదీ అక్కడ పరిశీలించారు. ఆ పద్ధతిని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో చేర్చింది. ఆ పరిశోధనను క్లాసులో చెప్పిన నేను అంకెలే చూశాను. తలుపు వేసుకుని తామే నమూనా తీసుకునే వీలుంటే ఎంత బెరుకు తగ్గుతుందో ఆలోచించలేదు.

తర్వాత ఎల్బీనగర్‌లో శిబిరం పెట్టేటప్పుడు ముందు బస్తీ ఆడవాళ్ళతో మాట్లాడాం. వేళా, గదీ వాళ్ళే చెప్పారు, వచ్చారు. అయినా మరోచోట పొరబడ్డాను. పరీక్షలో అనుమానం కలిగినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళమన్నాం. మెట్రో ఎక్కితే మారకుండా నాంపల్లిలో దిగొచ్చు కదా అనుకున్నాను. ఒక పూట పని మానితే జీతం కోస్తారన్న సంగతి పట్టించుకోలేదు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుంది. అంత వ్యవధి ఉన్నా ఒక్క పూట సెలవు దొరక్క ప్రాణం పోకూడదు. ఇప్పుడు మా విద్యార్థినులు వాళ్ళ వెంట వెళ్తున్నారు.

హాస్టల్ యజమానులకూ, ఇంట్లో పనిమనిషి ఉన్న ప్రతి ఒక్కరికీ నా విన్నపం: ముప్పై ఏళ్ళు దాటిన ఆమెను పరీక్షకు పంపండి. ఆ పూట జీతం కోయకండి.