చలికాలపు రాత్రి సముద్రపు ఒడ్డున



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారమైన మనకు చెరువులు తెలుసు, వాగులు తెలుసు. సముద్రము మాత్రము తెలియదు. అయినను మన ఇండ్లలో దినదినము దాని పేరే వినబడుచుండును. దుబాయి, మస్కట్, బహ్రెయిన్, కువైట్‌లలో పని చేయుచున్న బిడ్డలను "సముద్రం అవతల ఉన్నరు" అనుకొనుట మనకు అలవాటు. వారు విమానములో పోవుదురు గనుక, పంపినవారు సముద్రమును చూడకనే ముసలివారగుచున్నారు.

ఒక జనవరి మాసములో మేము కొన్ని కుటుంబములతో కలిసి నర్సాపురం వైపు వెళ్లితిమి. పేరుపాలెం తీరము చేరేసరికి రాత్రి 9 గంటలైనది. వెన్నెల లేదు. "చీకట్ల ఏం గనబడ్తది, పొద్దుగాల చూద్దాం" అని కొందరన్నారు. కాని అలల చప్పుడు మమ్మును కదలనియ్యలేదు. చెద్దర్లు కప్పుకొని ఇసుకలో కూర్చుంటిమి.

అలలో పాదము పెట్టినవారు ఆశ్చర్యపడిరి. నీరు గాలికంటె వెచ్చగా ఉన్నది! నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును. నీరు ఆలస్యముగా వేడెక్కి ఆలస్యముగా చల్లారును. జగిత్యాలలో కొన్ని చలి రాత్రులు 10 డిగ్రీలకంటె క్రిందికి దిగినను, ఈ సముద్రపు నీరు 25 డిగ్రీల దరిదాపులలో ఉండును. మన సిరిసిల్ల మానేరు మంథని దగ్గర గోదావరిలో కలిసి, ఆ గోదావరి పాయయే నర్సాపురం ప్రక్కగా సముద్రములో చేరునని చెప్పినప్పుడు, కొత్త స్థలమనే బెరుకు కొంత తగ్గినది.

అప్పుడు బీడీలు చుట్టి కుటుంబమును పోషించిన ఒక తల్లి, "అయ్యగారూ, మా పిల్లగాడు ఈ నీళ్లకు అవతల్నే ఉన్నడా?" అని అడిగినది.

"లేదమ్మా, ఇది తూర్పు సముద్రము. మీవాడు పడమట ఉన్నాడు. అయితే ఈ నీరే శ్రీలంకను చుట్టుకొని, అరేబియా సముద్రములో కలిసి, హొర్ముజ్ జలసంధి గుండా దుబాయి ఒడ్డును తాకును" అంటిమి.

ఆమె కుమారునికి ఫోను చేసినది. అక్కడ 7:30 గంటలు. పని నుండి వచ్చి వంట చేసుకొనుచున్నాడు. "సముద్రం కాడ ఉన్న బిడ్డా, ఇను" అని ఫోనును అలల వైపు పట్టినది. కొంతసేపు అతడేమియు పలుకలేదు. తరువాత, "అమ్మా, చలి పెడ్తలేదా?" అన్నాడు.

ఏజెంటుకు కట్టిన అప్పు, మిత్తి, నెల జీతము: వారి ఫోను మాటలు ఎప్పుడును ఇవే. ఆ రాత్రి ఆ లెక్కలేవియు రాలేదు.

మనమందరము సముద్రమునకు పోలేము. కాని వారములో ఒక్కసారియైనను లెక్కలు అడుగకుండ మన బిడ్డలతో మాటలాడవచ్చును. వాకిట్లో నెగడు చిటపటలాడుట, మానేటి మీది గాలి, కొట్టములోని లేగ అరుపు వినిపించండి. వారు పంపినది ముట్టినదని చెప్పుట అవసరమే. వారికి చలి పెట్టుచున్నదా అని అడుగుటయు అవసరమే.