కావలిలో దిగితే... కొండ, కోన, కడలి!

సినిమా పాటల పుణ్యమా అని తెలుగువాళ్లకి స్విట్జర్లాండ్ పక్క ఊరైపోయింది. తెల్లటి మంచుకొండ, దాని పాదాల దగ్గర నీలాల సరస్సు, ఒడ్డున హీరో హీరోయిన్లు... ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఎన్నిసార్లు చూసుంటారో! చూసి నిట్టూర్చడమే తప్ప అంతదూరం వెళ్లేదెవరు? కొండనీ నీళ్లనీ ఒక్కచోట చూడాలన్నదే కోరికైతే విమానం ఎక్కక్కర్లేదు. చెన్నై వైపు వెళ్లే రైలెక్కి, నెల్లూరు రాకముందే కావలిలో దిగిపోతే చాలు. మంచు మాత్రం అడగకూడదు.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకి కావలి అంటే టీ తాగడానికి ఆగే ఊరు. రైలు ప్రయాణికులకైతే రెండు నిమిషాల స్టేషను. ఆ పేరు వెనకో కథ ఉంది. పడమట ఉన్న ఉదయగిరి దుర్గానికి ఇక్కడ కాపలా సైన్యం ఉండేదనీ, అందుకే ఊరికి కావలి అని పేరొచ్చిందనీ స్థానికులు చెబుతారు. నిజానిజాల మాటెలా ఉన్నా పోలిక బాగానే కుదిరింది. తూర్పున ఎనిమిది కిలోమీటర్లు వెళితే సముద్రం, పడమటికి రెండు గంటలు వెళితే వెలిగొండలు. మధ్యలో కాపలాదారులా ఈ ఊరు.

ముందుగా కొండల వైపు వెళదాం. కలిగిరి, వింజమూరు దాటాక పొలాలు పలచబడి, ఎర్రనేలా రాళ్లగుట్టలూ మొదలవుతాయి. అప్పుడు ఉన్నట్టుండి ఎదురుగా లేచి నిలబడుతుంది ఉదయగిరి దుర్గం. ఎత్తు మూడువేల అడుగుల పైమాటే. కార్తీక, మార్గశిర మాసాల్లో తెల్లవారుజామున చూస్తే కొండ నడుముకి మంచు తెర చుట్టుకుని ఉంటుంది. ఆల్ప్స్ ఆశ ఆ కాస్తలోనే తీర్చుకోవాలి!

ఈ కొండని గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదిన్నర పట్టింది. అప్పట్లో దుర్గం గజపతుల చేతిలో ఉండేది. లోపల పదివేల కాల్బలం, నాలుగువందల గుర్రాలు ఉండేవని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. అంత సైన్యం కూడా నిజానికి అవసరం లేదట, కొండే కోట కాబట్టి. పైకి వెళ్లేందుకు సరైన దారి లేక, రాయలు బండలు పగలగొట్టించి మరీ బాట వేయించాడట. చివరికి 1514లో కోట లొంగింది. గెలిచిన రాయలు ఇక్కడి నుంచి పట్టుకెళ్లింది బంగారం కాదు, బాలకృష్ణుడి విగ్రహం! దానికోసం హంపీలో ప్రత్యేకంగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. విజయనగరం కూలిపోయాక ఆ విగ్రహమూ దెబ్బతింది. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. హంపీలో గుడి ఉంది, కృష్ణుడు లేడు. ఉదయగిరిలో కోట ఉంది, ఆ కృష్ణుడు తమ ఊరివాడని ఎంతమందికి తెలుసో!

కోట ఉంది అనడం కూడా కాస్త మొహమాటంతోనే. కొండపైన ఎనిమిది, కింద అయిదు... మొత్తం పదమూడు కోటలుండేవంటారు. నేడు కనిపించేవి అక్కడక్కడా బురుజులు, పిచ్చిచెట్లు మొలిచిన గోడలు, కోనేళ్లు, కొండ మీదో పాత మసీదు, కింద శిథిలమైన రంగనాయకస్వామి ఆలయం. ఆ ఆలయ స్తంభాల మీది చెక్కడాలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయిదు శతాబ్దాల ఎండావానలు చేసిన నష్టం ఒకెత్తు, గుప్తనిధుల కోసం గునపాలు పట్టుకొచ్చినవాళ్లు చేసింది ఒకెత్తు. రాయలు దేవుణ్ని తీసుకెళ్లాడు గానీ గోడలు తవ్వలేదు.

దుర్గం ఎక్కాలంటే సరదా సరిపోదు, ఓపిక కావాలి. దారంతా రాళ్లబాట. పైన తాగేందుకు ఏమీ దొరకవు కాబట్టి నీళ్లూ తిండీ వెంట ఉండాల్సిందే. స్థానికుల్లో దారి తెలిసినవాళ్లని తోడు తీసుకుని, తెల్లారగానే బయల్దేరితే ఎండ ముదిరేలోగా దిగిపోవచ్చు. పెద్దవాళ్లూ పసిపిల్లలూ కింద ఆగిపోవడమే మేలు.

అలా ఆగినవాళ్లకి ఊళ్లోనే ఓ వింత ఉంది. దిలావర్ భాయి వీధిలోకి వెళితే టకటకమని ఉలి చప్పుళ్లు, ఆకురాయి రాపిళ్లు వినపడతాయి. చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం మహిళలే. నర్ది, బిక్కి, దేవదారి వంటి చెట్ల కర్ర ఇందుకు వాడతారు. చెంచా పిడి మీద వేలి గోరంత జాలీ చెక్కడానికి ఎంత నేర్పు కావాలో పక్కన కూర్చుని చూస్తేగానీ అర్థంకాదు. ఈ హస్తకళకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ గుర్తింపు పత్రం కర్రనివ్వదు కదా! ఆ చెట్లు ఉండేది అడవిలో. అవి తగ్గినకొద్దీ ఉలి చప్పుడూ తగ్గుతుంది. ఒక చెంచా కొంటూ ధర దగ్గర గీచిగీచి బేరమాడబోయేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా గంట, గంటన్నర ప్రయాణం చేస్తే భైరవకోన. పేరుకు తగ్గట్టే రెండు కొండల మధ్య ఒదిగిన కోన. ఒకే కొండరాతిని తొలిచి ఎనిమిది శివాలయాలు మలిచారు. వాటి వయసు పన్నెండు వందల ఏళ్లకు పైనే. ఏడు గుళ్లు తూర్పుకీ ఒకటి ఉత్తరానికీ తిరిగి ఉంటాయి. వానలు బాగా పడిన ఏడాది, పైనుంచి దూకే జలపాతం హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఎండాకాలంలో అది సన్నటి ధారే. అయినా పిల్లలు దాని కిందినుంచి ఓ పట్టాన బయటికి రారు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల గుహలోని దుర్గాంబ మీద పడుతుందని ఆవేళ జనం పోటెత్తుతారు. ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు ఆ ఒక్కరోజూ తప్పించుకోవాలి.

కొండ చూశాం, కోన చూశాం. మరి సరస్సు? అందుకు ఆత్మకూరు మీదుగా సోమశిల వెళ్లాలి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన పెన్న, వెలిగొండలని చీల్చుకుని నెల్లూరు జిల్లా మైదానంలోకి అడుగుపెట్టేది ఇక్కడే. ఆ సందులోనే డ్యాం కట్టారు. నిండితే డెబ్భై ఎనిమిది టీఎంసీలు! చుట్టూ కొండలు, మధ్యలో చూపు ఆనినంత మేరా నీలం. నెల్లూరు వరిచేలు, కావలి కాలువ కింది ఆయకట్టు, కండలేరు మీదుగా చెన్నై మహానగరం దాహం... అన్నీ ఈ నీటి మీదే ఆధారం. కట్టమీద నిలబడి ఫొటోలు దిగే వాళ్లకి తెలియనిది ఇంకోటుంది. ఆ నీలం అడుగున కడప జిల్లా వాళ్ల ఊళ్లున్నాయి. ఇళ్లూ గుళ్లూ పొలాలూ వదులుకుని వాళ్లు లేచిపోతేనే ఇక్కడ నీళ్లు నిలిచాయి. పెన్న ఎప్పుడూ ఇంత నెమ్మదిగా ఉంటుందనీ అనుకోకూడదు. 2021 నవంబరు వరదకి డ్యాం దిగువ భాగం బాగా దెబ్బతింది.

తిరుగుదారిలో ఏఎస్ పేట దర్గా వస్తుంది. మతంతో పనిలేకుండా మొక్కులున్నవాళ్లంతా వచ్చే చోటది. అక్కడినుంచి కలిగిరి మీదుగా మళ్లీ కావలి. వెలుగు ఇంకా ఉంటే ఒళ్లు నొప్పులు మరిచిపోయి తుమ్మలపెంటకి ఆటో ఎక్కాలి. ఒకప్పుడు పడవల్లో సరుకులు మోసిన బకింగ్‌హాం కాలువ ఈ తీరం పొడవునా సాగుతుంది. దాన్ని దాటాక ఇసుక, సరుగుడు చెట్లు, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. హంగామా లేని సముద్రం. లోతు తెలియని చోట మాత్రం పిల్లల్ని మోకాలు దాటి దిగనివ్వకూడదు.

చూడ్డానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఇక్కడ ఆ మాట కొండరాళ్లకీ వర్తిస్తుంది. ఉదయగిరి, సోమశిలలకి బస్సులున్నాయి గానీ రెండు రోజుల్లో అన్నీ చూడాలంటే కావలిలోనే కారు మాట్లాడుకోవాలి. బస కూడా అక్కడే అనుకూలం. పొద్దున్నే తుమ్మలపెంట ఒడ్డుకి పడవలొచ్చే వేళకి సంచి పట్టుకెళితే ఆనాటి చేపల పులుసుకి ఢోకా ఉండదు.