కోనసీమలో సంక్రాంతి విందు

ఏటేటా సంక్రాంతికి మేము మా అత్తవారి యూరికి పోవుదుము. ఆ యూరు కోనసీమలో అంబాజీపేటకు చేరువ. రాజమహేంద్రవరమున రైలు దిగి, ధవళేశ్వరము ఆనకట్టమీదుగా ప్రయాణము సాగించితిమి. గోదావరి యిచ్చట గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలును. ఆ రెండుపాయలకును సముద్రమునకును నడుమనున్న నేలయే కోనసీమ. కాటన్ దొరగారు 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్టకు మారుగా నేడు కొత్త బరాజు నిలిచియున్నది. కాలువలు మాత్రము నాటివలెనే ఊరూరికి నీరు పంచుచున్నవి. బాటకిరుప్రక్కల కొబ్బరి, అరటి, కంద, అప్పుడే నాటిన దాళ్వా వరి. పండుగనాడు విస్తరిలో పడు పదార్థములలో సగము ఈ త్రోవప్రక్కనే పెరుగుచున్నవిగదా యని మాలో మేమనుకొంటిమి.

బొబ్బర్లంక దాటి ఆత్రేయపురమున కొంతసేపు నిలిచితిమి. ఇచ్చటి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక యింటి పంచలో ఒకామె బోర్లించిన కుండక్రింద ఎండుటాకుల మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డ ముంచి, కుండపై నొక్కమారు పరచి లాగెను. కనురెప్పపాటులో కాగితముకంటె పలుచని రేకు లేచెను. దానిలో నేయి, బెల్లపుపొడి చేర్చి మడుచుటయే తరువాయి. చూచుటకు సులభము, అయినను రోజంతయు ఆ సెగయెదుట కూర్చుండవలెను. మేమొక పెట్టె కొంటిమి. దానివలన పండుగ వంటలలో ఒక తీపి తగ్గించుకొనవచ్చునని మా యాలోచన.

తగ్గించుకొనవలసిన కారణము లేకపోలేదు. మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు, మధుమేహము కలదు. నిరుడు సంక్రాంతినాడు వారు ఉదయమున మాత్ర వేసికొని, ఇరువదియిద్దరికి వడ్డన ముగియువరకు ఏమియు ముట్టక, మధ్యాహ్నము మూడుగంటలకు వంటయింట తూలి పడిరి. ఆకలికడుపుతో మాత్ర పనిచేయుటచే రక్తములో చక్కెర పడిపోయినదని వైద్యులు చెప్పిరి. నాడు మగవారి పంక్తి పండ్రెండుకే లేచినది. ఆడువారమెవ్వరమును అప్పటికి విస్తరి ముందు కూర్చుండనేలేదు. ఆ సంగతి యాలోచించినవారమును మేము కాము.

కావున ఈ యేడు భోగికి రెండుదినములు ముందుగా వచ్చి, తోడికోడండ్రము ముగ్గురము కాగితము, కలము పట్టుకొని కూర్చుంటిమి. అత్తగారు వేళ్ళు మడుచుచు చెప్పిన వంటకములు పదునేడు. అన్నియు సంక్రాంతినాటికే!

“ఒకటి తగ్గినా పెద్దలకు లోటు చేసినట్టే,” అనిరి.

మా పెద్దతోడికోడలు మెల్లగా, “అత్తయ్యగారూ, ఏదీ మానొద్దు. మూడు రోజులకూ పంచుదాం. మీ అత్తగారు కూడా అన్నీ ఒక్కరోజే చేసేవారా?” అని యడిగెను.

అత్తగారు కొంచెము సేపూరకుండి, “లేదే. అప్పుడు భోగికి పులగమే. గారెలు కనుమకే. ఒక్కరోజే అన్నీ పెట్టడం పిల్లలు పట్నాల నుంచి ఒక్క పూటకు రావడం మొదలెట్టాక వచ్చింది,” అనిరి.

ఆ మాటతో మా చిక్కు విడిపోయెను. ప్రాతయాచారమే మాకు దారి చూపినది.

భోగినాడు తెల్లవారుజామున మంటలు, తలంట్లు, సాయంకాలము పసివాండ్రకు రేగుపండ్లతో భోగిపండ్లు. ఆనాటికి పెసరపప్పు పులగము, నేయి, చిక్కుడుకాయకూర, పచ్చిపులుసు చాలుననుకొంటిమి. సంక్రాంతి పెద్దల పండుగ గనుక కొత్తబియ్యపు పొంగలి, పులిహోర, కందాబచ్చలికూర, గుమ్మడికాయ దప్పళము, ముద్దపప్పు, అరిసెలు. కనుమకు మినపగారెలు, అల్లపుపచ్చడి, పెరుగన్నము. కనుమునాడు మినుము తినవలెనను మాట మన యిండ్లలో నెరుగనివారెవరు? మాంసము తినువారి యిండ్లలో ఆనాడు గారెలకు కోడికూర జత.

బియ్యపు విషయమున అత్తగారు చెప్పినది సోదరీమణులు గమనింపదగినది. కొత్తబియ్యమునకు జిగురెక్కువ, అందుచే పొంగలికిని అరిసెలకును అదే మేలు. విడియన్నమునకు మాత్రము పాతబియ్యమే వాడవలెను. కొత్తదైనచో ముద్దకట్టి, పులిహోర చెడును. ఈ భేద మెరుగక మేము పట్టణములో ఎన్నియోమారులు పులిహోరను పాడుచేసికొంటిమి.

అరిసెలు భోగికి ముందునాడే వండితిమి. కిలో బియ్యము ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, తడి యారకముందే దంచి జల్లించితిమి. దానికి ముప్పాతిక కిలో బెల్లము. పాకమువద్ద ఇంతవరకు అత్తగారు తప్ప మరియెవ్వరును నిలిచియెరుగరు. ఈ యేడు వారి చేయి వణకుచున్నది. పీటపై కూర్చుండి, గరిట మాచేతికిచ్చి, “నీళ్ళలో వేసి చూడు. జారిపోతే ఇంకా రాలేదు. వేళ్ళకు మెత్తని ఉండలా వస్తే దించెయ్యి. టంగుమందా, అరిసె రాయే!” అనిరి. మొదటి వాయి మావలన గట్టిపడినది. వారు కోపపడక, “అవి నాకు. నేనెలాగూ ఒక ముక్కే తినాలిగా,” అని నవ్విరి. రెండవ వాయి నువ్వులద్ది వేయించి, అరిసెలచెక్కల నడుమ నొత్తగా మెత్తగా వచ్చెను.

ఇక వడ్డన విషయము. పెద్దలకు తర్పణములు కాక మునుపు అత్తగారు మెతుకు ముట్టరు. ఆ నియమమును మేము కదల్పదలచలేదు. వేళను మాత్రము కదల్పితిమి. బావగారితో ముందే చెప్పగా, వారు తొమ్మిదిగంటలకే తర్పణములు ముగించిరి. పదికి నైవేద్యమైనది. అత్తగారి మాత్రవేళ యేదో వైద్యునడిగి, కాగితముమీద వంటల పేర్లప్రక్కనే వ్రాసితిమి. మొదటి పంక్తిలో పిల్లలతోపాటు అత్తగారిని, వారి తోడికోడలిని, వయసుచెల్లిన ఆడపడుచును కూర్చుండబెట్టితిమి. బావగారును మరదులును తువాళ్ళు నడుమునకు చుట్టుకొని వడ్డించిరి. దప్పళము రెండుమారులు నేలపాలైనది. పప్పుకంటె ముందు పెరుగు వచ్చినది. ఎవరికిని కష్టము తోచలేదు. అత్తగారు మాత్రము మొదట అన్నము కలుపలేక, వంటయింటి వైపే చూచుచుండిరి. “అక్కడ ఏదైనా మాడుతోందేమో చూడండే,” అని రెండుమారులనిరి. పిదప తలవంచుకొని, పొంగలి కొంచెము, దప్పళము కొంచెము, ఒక అరిసెముక్క తృప్తిగా తినిరి.

కనుమనాడు కాకియైనను కదలదందురు. కోనసీమలో మాత్రము ఆనాడు దేవుళ్ళే కదలుదురు! మొసలపల్లికి చేరువనున్న జగ్గన్నతోటలో ప్రభలతీర్థము జరుగును. పదునొకండు గ్రామముల నుండి ఏకాదశరుద్రులు ఎత్తైన ప్రభలపై వత్తురు. వెదురుచట్రముల కలంకరించిన రంగుగుడ్డలు ఎండలో మెరయుచుండగా, గంగలకుర్రు ప్రభలను భుజములపై మోసి, కౌశిక కాలువ నీటిలో దిగి దాటింతురు. దారిలో పచ్చనిచేలు త్రొక్కుడుపడినను రైతులు దానిని భాగ్యముగనే యెంతురు. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా చూపబడినది ఈ తీర్థమే. వెనుకటి యేండ్లలో మేము గారెల పొయ్యి విడువలేక దానిని మాటలలోనే వినుచుంటిమి. ఈమారు ఉదయమే గారెలు ముగించి, కొన్ని డబ్బాలో పెట్టుకొని, అత్తగారిని తోడ్కొని పోయితిమి. చెట్టునీడను చాప పరచి, వారి వేళ తప్పకుండ రెండు గారెలును పెరుగన్నమును పెట్టితిమి. కాపురమునకు వచ్చి యరువదియేండ్లైనను వారు తీర్థమును చూచినది నాలుగు మారులేనట!

సోదరీమణులారా, పండుగనాడు ఏమి వండవలెనో మనము బాగుగా నాలోచింతుము. ఎవరు, ఏవేళకు తినవలెనో కూడ ఆ కాగితముమీదనే వ్రాసికొనుట మంచిది. ఇంటిలో మాత్రలు వేసికొను పెద్దలున్నచో తప్పక వ్రాసికొనవలెను. మా కాగితమును అత్తగారు మడచి, ఉప్పుజాడీ వెనుక దాచిరి. వచ్చు సంవత్సరమునకు పనికివచ్చునట.